నీళ్ల ముచ్చట - 6: చివరి నల్లా



ఈ భాగం నా తప్పు ఒప్పుకునుడుతోటి మొదలుపెడ్త.

నాలుగేండ్ల కింద నేను నల్లా నీళ్ల మీద ఒక పోస్టు రాసిన. క్లోరిన్ కలిపితే క్లోరోఫాం పుడుతది, క్లోరోఫాం క్యాన్సర్ తెస్తది, సర్కారు మన వాడలకు విషం తాపుతున్నది అని. సగం ఎక్కడో చదివింది, సగం నా కోపం. మస్తు మంది షేర్ చేసిన్రు. జగిత్యాల దగ్గర మా చిన్నమ్మ వాళ్ల ఊర్ల పోరగాళ్లు దాన్ని వాట్సాప్‌ల తిప్పిన్రు. అక్కడ ఎస్సీ కాలనీకి వేరే చిన్న ట్యాంకి ఉన్నది. వాడోళ్లు పోయి నీళ్లు వదిలే అన్నను పట్టుకొని, మా ట్యాంకిల బ్లీచింగ్ పౌడర్ వెయ్యొద్దని లొల్లి పెట్టిన్రు. ఆయన కూడా మనోడే. ఒక పని తక్కువైతదనుకున్నడో, నిజంగనే భయపడ్డడో, వేసుడు బంజేసిండు.

ఆ వానకాలం ఆ వాడల ఆరేడు ఇండ్లల్ల వాంతులు, విరేచనాలు. మా చిన్నమ్మ మనుమరాలు, రెండో తరగతి పిల్ల, మూడు రోజులు సెలైన్ మీద ఉన్నది. బతికింది. నేను దవాఖానకు పోతే చిన్నమ్మ నన్ను తిట్టలేదు. "సదువుకున్నోనివి బిడ్డా, నువ్వు రాసినవంటే నిజమే అనుకున్నం" అన్నది. తిట్టినా బాగుండు.

బ్లీచింగ్ బంద్ చేసినందుకే రోగం వచ్చిందని నేను రుజువు చెయ్యలేను. మోరీల నుంచి పోయే పైపు కూడా పలిగి ఉండె. కానీ పైపు పలిగినప్పుడు మనకూ మోరీకీ మధ్యల నిలబడేది ఆ క్లోరినే. ఇది తెల్వక కాదు నేను రాసింది. తెలిసి, కోపంల పక్కన పెట్టిన.

ఇంకో సంగతి చెప్పాలె. నేను రాసిన దాంట్ల రసాయన శాస్త్రం అబద్ధం కాదు. అందుకే ఆ పోస్టు అంత ప్రమాదమైంది. 1974ల నెదర్లాండ్స్‌ల రోటర్‌డాం నగరం నీళ్ల సంస్థల పనిచేసే యోహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ సంగతి బయటపెట్టిండు. నది నుంచి వచ్చిన నీళ్లల్ల లేని క్లోరోఫాం, క్లోరిన్ కలిపినంక పుడుతున్నది. యాడికెళ్లి వస్తున్నది? నీళ్లల్ల కరిగిన ఆకు అలము, నాచు, మురుగు నుంచి. ఎండుటాకులు నానితే నీళ్లు చాయ్ రంగుకు తిరుగుతయ్ కదా, ఆ రంగునిచ్చే పదార్థంతోటి క్లోరిన్ కలిస్తే ట్రైహాలోమీథేన్లు పుడుతయ్, హాలోఅసిటిక్ ఆమ్లాలు పుడుతయ్. క్లోరోఫాం ఆ మొదటి గుంపుల ఒకటి. అంటే ఇది ఒక్క క్లోరిన్ చేసే పని కాదు. నీళ్లల్ల మురికి ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ క్లోరిన్ పొయ్యాల్సి వస్తది, అంత ఎక్కువ ఇవి పుడుతయ్. ఎండకాలం రిజర్వాయర్ అడుగంటి, నాచు పట్టి, పైపులు కాగుతున్నప్పుడు ఇంకా ఎక్కువ. మన దిక్కు ఎండలు ఎట్లుంటయో మీకు చెప్పనక్కర లేదు.

1976ల అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ క్లోరోఫాం తాపిన ఎలుకలకు క్యాన్సర్ వచ్చిందని చెప్పింది. 1979ల ఆ దేశం నాలుగు రకాల ట్రైహాలోమీథేన్లు కలిపి లీటరుకు 100 మైక్రోగ్రాములు దాటొద్దని గీత గీసింది, 1998ల దాన్ని 80కి దించింది. మన ప్రమాణం ఐఎస్ 10500, 2012ది, ఒక్క క్లోరోఫాంకే 200 దాకా ఒప్పుకుంటది. బ్రోమోఫాంకు 100, డైబ్రోమోక్లోరోమీథేన్‌కు 100, బ్రోమోడైక్లోరోమీథేన్‌కు 60 వేరే వేరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్లోరోఫాంకు 300 దాకా అన్నది కాబట్టి ఇది మనోళ్లు కొత్తగ చేసిన పాపం అని నేను అనను. కానీ బాధంత ఏందంటే, మన దేశంల ఊరికి నీళ్లిచ్చేటోళ్లకు ఈ ప్రమాణం చట్టం కాదు. పాటిస్తే మంచిది, అంతే.

మరి ప్రమాదం ఎంత? ఏండ్లకేండ్లు ఇవి ఎక్కువున్న నీళ్లు తాగినోళ్లల్ల మూత్రాశయ క్యాన్సర్ కొంచెం ఎక్కువ కనిపిస్తదని చాలా దేశాల అధ్యయనాలు చెప్పినయ్. 2020ల ఐరోపా దేశాల నల్లా నీళ్ల లెక్కలు తీసిన పరిశోధకులు, అక్కడి మూత్రాశయ క్యాన్సర్లల్ల దాదాపు 5 శాతం, ఏడాదికి 6,500 పైన, దీనికింద రావచ్చని అంచనా వేసిన్రు. చిన్న లెక్క కాదు. కానీ అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక మాట గట్టిగ చెప్తది: క్లోరిన్ వెయ్యకుంటే వచ్చే ప్రమాదం ముందు ఈ ప్రమాదం చాలా చిన్నది, దీన్ని తగ్గించే పేరుతోటి క్రిములను చంపే పనిల రాజీ పడొద్దు అని. ఒకటి ముప్పై ఏండ్లకు వచ్చే రోగం. ఇంకోటి పొద్దుగూకేవరకు పిల్లను మంచాన పడేస్తది.

మూత్రాశయ క్యాన్సర్ అన్నప్పుడు నాకు సిరిసిల్ల పెద్దమనిషి ఒకాయన యాదికొస్తడు. అద్దకం పనిల ముప్పై ఏండ్లు చేతులు ముంచినోడు. మూత్రంల నెత్తురు పడితే ఎండ అనుకున్నడు, వేడి చేసిందనుకున్నడు. ఆయనకు నేను క్లోరోఫాం గురించి చెప్పబోతే నవ్విండు. "తమ్మీ, నా చేతులు ఏ రంగుల ఉండెనో నువ్వు చూడలే" అన్నడు. నిజమే. బెంజిడిన్‌తోటి చేసే రంగులు మూత్రాశయ క్యాన్సర్ తెస్తయని ప్రపంచమంత ఎప్పుడో ఒప్పుకున్నది. మన దేశం 1990లల్ల వాటిని నిషేధించింది. అంతకు ముందు చేతులు ముంచినోళ్లను ఎవలు లెక్కపెట్టిన్రు? ఇంకా పెద్ద కారణం పొగాకు. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు మన ఆడోళ్లు బీడీలు చుడ్తరు, మొగోళ్లు తాగుతరు. కాబట్టి నీళ్ల పేరు చెప్పి పొగాకును, రంగును వదిలిపెట్టే తెలివితక్కువ పని చెయ్యొద్దు. నీళ్లది ఈ మూడిట్ల చిన్న వాటా. కాకపోతే బీడీ మానుకోవచ్చు, అద్దకం పని ఇడిసిపెట్టొచ్చు. నీళ్లు తాగుడు ఎట్ల మానుకుంటం?

ఇప్పుడు నల్లా కాడికి వద్దాం.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండల ప్రధాని మోదీ మిషన్ భగీరథ మొదలుపెట్టిండు. లక్ష కిలోమీటర్లు దాటిన పైపులు. జగిత్యాల, కోరుట్ల దిక్కు గోదావరి నీళ్లు, సిరిసిల్ల దిక్కు మానేరు నీళ్లు. పథకం మీద నాకు వంద విమర్శలు ఉన్నయ్ గానీ, ఇది రాకముందు మా అవ్వ బోరింగు కొట్టి కొట్టి భుజం పడగొట్టుకున్న సంగతి నేను మర్చిపోలేను. నల్లా ఇంట్లకు వచ్చింది. ఇప్పుడు అడగాల్సింది నల్లాల ఏం వస్తున్నదని.

శుద్ధి చేసే కాడ క్లోరిన్ కలుపుతరు. నీళ్లు గుట్టల మీద కట్టిన ట్యాంకులకు పోతయ్, అక్కడికెళ్లి ఊరి ట్యాంకికి, అక్కడ మళ్ల బ్లీచింగ్ వేస్తే వేస్తరు. ట్యాంకి ఎక్కడుంటది? పంచాయతీ కాడనో, బడి కాడనో, ఊరి నడుమ. లైను ముందు ఏ గల్లీలకు పోతదో మీకు తెలుసు. దాని చివరి కొస ఏ వాడల ఆగుతదో కూడా తెలుసు.

పైపుల పోతాపోతా రెండు పనులు జరుగుతయ్. క్లోరిన్ కరిగిపోతా ఉంటది. క్లోరిన్, మురికి కలిసి పుట్టే ట్రైహాలోమీథేన్లు పెరుగుతా ఉంటయ్. నీళ్లు ఎంత ఎక్కువసేపు పైపుల, ట్యాంకిల నిల్వ ఉంటే క్లోరిన్ అంత తక్కువ, క్లోరోఫాం అంత ఎక్కువ. మల్లోసారి చదవండ్రి. చివరి నల్లాకు వచ్చేవరకు క్రిములను చంపే మందు అయిపోతది, ఆ మందుతోటి పుట్టిన చెడు మాత్రం మిగులుతది. మొదటి గల్లీల దొరకు మందు ఎక్కువ, చెడు తక్కువ. చివరి వాడల మాదిగోళ్లకు మందు లేదు, చెడు ఎక్కువ. ఎవడో కావాలని చేసిన కుట్ర కాదిది, పైపుల జరిగే మామూలు రసాయన చర్య. కానీ పైపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాల్నో రసాయన శాస్త్రం తేల్చలేదు. అది ఊరు తేల్చింది.

నేను నాలుగేండ్ల కింద రాసిన పోస్టుల క్లోరిన్ ఒక దిక్కు, మన ఆరోగ్యం ఇంకో దిక్కు నిలబెట్టిన. చివరి నల్లా కాడ నిలబడి చూస్తే ఆ లెక్కే తప్పు. మనకు రెండు నష్టాలూ ఒక్కటేసారి వస్తున్నయ్.

పోయిన నెల ముగ్గురు స్టూడెంట్లతోటి పోయి ఒక ఊర్ల పరీక్ష చేసినం. క్లోరోస్కోప్ అని చిన్న డబ్బా ఉంటది, ఏఎన్ఎం అక్కల కాడ చూసే ఉంటరు. గాజు గొట్టంల నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగు వస్తది. ట్యాంకి కింద నల్లా కాడ చిక్కటి పసుపు, ముక్కుకు వాసన కూడా. నడిమి గల్లీల లేత పసుపు. ఎస్సీ కాలనీ చివరింట్ల గొట్టం ఎట్ల పెట్టినమో అట్లనే ఉన్నది, నీళ్ల రంగు నీళ్లదే. ఇంటామె అడిగింది, "ఏం రంగు రాలేదు, మా నీళ్లు మంచియే కదా?" అని. ఆ పిల్లలు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. జవాబు చెప్పాలంటే కూసొని చెప్పాలె మరి.

చివరింట్ల లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ఐఎస్ 10500 చెప్తది. వైరస్‌ల ప్రమాదం ఉన్నకాడ 0.5 ఉండాలంటది. అది కూడా వాడుకునేటోళ్ల కాడ పరీక్ష చెయ్యాలె, ట్యాంకి కాడ కాదు అని రాసి ఉన్నది. నీళ్లు రోజంత రావు కదా మనకు, గంటో రెండు గంటలో ఇడుస్తరు. బంద్ చేసినప్పుడు పైపు ఖాళీ అయి, పలిగిన కాడ మోరీ నీళ్లను లోపలికి గుంజుతది. అందుకే చివరి నల్లాల ఆ 0.2 ముఖ్యం. చివరికి చేరుతలేదని తెలిసిన పంచాయతీ ఏం చేస్తది? ట్యాంకిల ఇంకో రెండు డబ్బాలు ఎక్కువ కుమ్మరిస్తది. దాంతోటి మొదటి గల్లీలోళ్లు వాసన అని తిడ్తరు, నీళ్లల్ల మురికి అట్లనే ఉండె కాబట్టి క్లోరోఫాం ఇంకా పెరుగుతది.

చెయ్యాల్సింది వేరే. క్లోరిన్ వెయ్యకముందే నీళ్లల్ల మురికి తియ్యాలె. పటిక సరిగ్గ వేసి, తేర్చి, ఇసుకల వడగట్టి, అప్పుడు క్లోరిన్. మురికి నీళ్లల్లనే ముందుగాల క్లోరిన్ కుమ్మరించే అలవాటు మానుకుంటే సగం పని అయితది, 1979 తర్వాత అమెరికాల చాలా ఊర్లు చేసింది గిదే. ట్యాంకి అడుగున పేరుకున్న బురద కడగాలె. లైను చివరన చిన్న మోతాదుల మళ్లోసారి క్లోరిన్ కలిపే ఏర్పాటు పెట్టాలె. ఇవేవీ చంద్రమండలం మీది పనులు కావు.

ఇంకా పైకి పోతే నది కాడికి పోవాలె. మధ్య మానేరు కింద కొదురుపాక, అనుపురం, సంకెపల్లి, రుద్రవరం, చింతల్ ఠాణా లాంటి ఊర్లు మునిగినయ్. ఇండ్లు, చెట్లు, పొలాలు, పెంటకుప్పలతోటి సహా. కొత్తగ మునిగిన నేల ఏండ్ల తరబడి నీళ్లల్లకు కుళ్లిన పదార్థం వదుల్తనే ఉంటది. పట్నాల మురుగు నదిలకే పోతది. నీళ్లను వడగట్టే ఇసుకను లారీల ఎత్తుకపోయిన్రు. ఆ లారీల మీద తిరగబడ్డందుకు 2017ల నేరెళ్ల దళితులను, బీసీలను పోలీసులు కొట్టిన్రని రాష్ట్రమంత లొల్లి అయింది. మానేరు ఇసుకకూ మన బిందెల నీళ్లకూ సంబంధం ఉన్నదని అప్పుడు మనమెవ్వరం రాయలే. నేనూ రాయలే.

కోరుట్లల మా పెద్దక్క ఇంట్ల జరిగిన ముచ్చట చెప్త. ఫిల్టర్ మిషన్లు అమ్మేటోడు వచ్చి రెండు గ్లాసులు పెట్టిండు. ఒకదాంట్ల నల్లా నీళ్లు, ఒకదాంట్ల వాని మిషన్ నీళ్లు. రెండిట్ల ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెట్టిండు. నల్లా నీళ్లు నిమిషంల తుప్పు రంగుకు తిరిగి, మీద తెట్టె కట్టింది. వాని నీళ్లు తెల్లగనే ఉన్నయ్. "అక్కా, నువ్వు రోజూ తాగేది గిదే" అన్నడు. అక్క అదే రోజు ఈఎంఐ మీద కొన్నది. బీడీలు చుట్టిన పైసలు.

ఆ తుప్పు నీళ్లది కాదు, కడ్డీది. నీళ్లల్ల ఉప్పులు ఉంటే కరెంటు పారుతది, ఇనుము కరిగి రంగు వస్తది. మిషన్ ఉప్పులన్నీ తీసేసింది కాబట్టి కరెంటు పారదు. తర్వాత నెల వాడు పక్కింటికి వస్తే, నీ నీళ్లల్ల చిటికెడు ఉప్పు వేసి మళ్ల పెట్టు తమ్మీ అన్న. డబ్బా సదురుకొని పోయిండు. క్లోరోఫాంను పట్టేది ఆ మిషన్‌ల బొగ్గు గొట్టం, అదీ టైముకు మారిస్తేనే. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు అందామా, వాటిల క్లోరిన్ మిగలదు, కడగని క్యాన్‌ల పోస్తే క్రిములకు అడ్డే లేదు. అయినా నా పాత పోస్టు లాంటియే వీళ్ల దుకాణానికి పెట్టుబడి. నేను పుక్కిట్ల ప్రచారం చేసిపెట్టిన.

ఇంట్ల భయం ఉన్నోళ్లు మూత తీసి నీళ్లు మసలబెడితే క్లోరోఫాం చాలావరకు ఆవిరై పోతది. వాసన మాత్రమే బాధైతే కాసేపు బిందెల ఉంచితే చాలు. ఒక తమాషా ఏందంటే, క్లోరోఫాం నోటి నుంచే కాదు, వేడి నీళ్ల ఆవిరి నుంచి కూడా ఊపిరిలకు పోతది. గీజర్ పెట్టుకొని తలుపు మూసి అరగంట స్నానం చేసేటోళ్లకు ఆ వాటా ఎక్కువ. తడకల బాత్‌రూంల చెంబుతోటి పోసుకునే మనకు తక్కువ. ఒక్క కాడనన్న మనం గెలిచినం.

క్లోరిన్ అమ్మే కంపెనీలు కూడా తక్కువోళ్లు కాదు. 1991ల పెరూ దేశంల కలరా వచ్చి, ఆ ఒక్క ఏడే మూడు లక్షల పైన మంది మంచాన పడ్డరు. క్యాన్సర్ భయంతోటి క్లోరిన్ మానేసినందుకే అట్లయిందని ఇయ్యాల్టికీ చెప్పుకుంటరు. తర్వాత చూసినోళ్లు ఆ కథ అంత నిలబడదని చెప్పిన్రు. అక్కడ చాలా కాడ మొదటినుంచీ సరైన క్లోరినే లేదు, ఊరి బయటి బస్తీలకు పైపే పోలేదు. ఒకడు భయపెట్టి ఫిల్టర్ అమ్ముతడు, ఇంకోడు భయపెట్టి నోరు మూపిస్తడు. చివరి వాడకు పైపు ఎందుకు సరిగ్గ పోలేదని ఇద్దరూ అడగరు.

"శుద్ధి" అనే మాట మీద నాకు పాత పగ ఉన్నది. 1927 మార్చి 20న మహాడ్‌ల బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగితే, తర్వాత సవర్ణులు ఆ చెరువును శుద్ధి చేసిన్రు. 108 కుండలతోటి ఆవు పెండ, మూత్రం, పాలు, పెరుగు, నెయ్యి కలిపి పోసిన్రు. ఈ భాగం ఇక్కడిదాక చదివినోళ్లకు, చెరువుల పెండ పోస్తే ఏమైతదో నేను చెప్పాల్నా? 1985 జులైల కారంచేడుల మొదలైంది కూడా నీళ్ల కాడనే. తాము తాగే చెరువు నీళ్లల్ల బర్రెల కుడితి బకీట్లు కడుగుతుంటే ఒక మాదిగ తల్లి అడ్డం తిరిగింది. ఆమె అడిగింది నీళ్లల్ల ఏం కలుస్తున్నదని. ఆ ప్రశ్నకు జవాబు ఆరు శవాలు.

మన జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను 1978 అక్టోబర్‌ల కల్లోలిత ప్రాంతాలన్నరు. వెట్టి మీద, భూమి మీద మనోళ్లు కొట్లాడిన కాలం. మోట బొక్కెన తోలు కుట్టింది మా తాత. ఆ బాయి గిరక మీద చెయ్యి వెయ్యనిచ్చేటోళ్లు కాదని మా బాపు చెప్తుండె. ఆ కొట్లాటల నీళ్ల ముచ్చట వెనకపడ్డది. ఇప్పటికీ వెనకనే ఉన్నది, గిరక పోయి పైపు వచ్చింది.

ఇంకోటి. ట్యాంకి ఎక్కి బురద కడిగేది, ఒట్టి చేతులతోటి బ్లీచింగ్ పౌడర్ కలిపేది ఎవలు? పంచాయతీ మల్టీపర్పస్ వర్కర్లు, ఎక్కువ మంది మనోళ్లే. కండ్లు మండుతయ్, దగ్గు వస్తది, చేతులు తెల్లగ పలుగుతయ్. మూత సరిగ్గ లేని సంచుల పౌడర్ నెలలకు నెలలు పడి ఉంటే దాంట్ల క్లోరిన్ శక్తి పోతది, ఎంత వేస్తే ఎంత పడుతున్నదో ఆయనకు చెప్పేటోడు లేడు. ఊరికి రోగం వస్తే మొదలు తిట్లు పడేది ఆయనకే. మా చిన్నమ్మ ఊరి అన్నకు కూడా ఆ వానకాలం మెమో ఇచ్చిన్రు. రాసింది నేను, మెమో ఆయనకు. పోయి క్షమాపణ చెప్పిన. "పోనీ తియ్యి తమ్మీ, గ్లౌజులు ఇప్పియ్యి" అన్నడు.

గందుకే ఈసారి పోస్టుతోటి ఊకోలేదు. ఆ ముగ్గురు స్టూడెంట్లతోటి కలిసి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టినం. పోయిన ఏడాది చివరి నల్లా కాడ క్లోరిన్ ఎన్నిసార్లు పరీక్షించిన్రు, తారీఖులతోటి ఇయ్యాలె. ఎస్సీ కాలనీ నల్లాల నీళ్లను ఒక్కసారన్న ట్రైహాలోమీథేన్ల పరీక్షకు పంపిన్రా, పంపితే ఆ కాగితం ఇయ్యాలె. దీనికి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ మిషన్ కావాలె, ఊర్ల కిట్లతోటి కాదు, కాబట్టి ఏ ల్యాబ్‌కు పంపిన్రో పేరు చెప్పాలె. ట్యాంకి ఎన్నడు కడిగిన్రు. వర్కర్లకు గ్లౌజులు, మాస్కులు ఎన్నడు కొన్నరు. 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం కింద ఎస్సీ కాలనీ లైనుకు ఎంత ఖర్చు పెట్టిన్రు.

మీ ఊర్ల పెడ్తమంటే అర్జీ నమూనా పంపిస్త, పేరు మార్చుకుంటే చాలు. క్లోరోస్కోప్ కావాలంటే మా కాడ రెండున్నయ్, తీసుకపోయి మళ్ల తెచ్చియ్యాలె.

చట్టం ప్రకారం ముప్పై రోజుల్ల జవాబు ఇయ్యాలె. ఇయ్యాల్టికి పందొమ్మిది రోజులైంది. గ్లౌజులు మాత్రం మేమే చందాలేసుకొని కొనిచ్చినం, ఆరు జతలు. మొన్న పోతే రెండు జతలే కనిపించినయ్. మిగతావి పత్తి ఏరుటానికి ఇంట్లోళ్లు తీసుకపోయిన్రట.